ఆరని ఇంగిలీకం

నా తమ్ముణ్ణి చంపినవాడి మోటారు సైకిలుకు నేను పులి బొమ్మ వేశాను. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను. ఊళ్లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు, ఇక్కడితో ఆపేస్తారు. మిగతాది చెప్పే ఓపిక వాళ్లకు లేదు. నాకుంది.

నా పేరు నీలమ్మ. మాది మాదాపూర్. మా ఆయన రామన్న వడ్రంగి, ఎడ్లబండ్లు చేస్తాడు. ఆ బండ్ల పక్క చెక్కల మీద నెమళ్లూ తామరపూలూ వేసేదాన్ని నేను. నాకెవరూ నేర్పలేదు. ఆడదానికి పిలిచి ఎవరు నేర్పుతారు? పన్నెండేళ్లప్పుడు మా అమ్మతో కలిసి బేగంపేటలో ఒక నవాబు బంగళా నేల తుడవడానికి వెళ్లేదాన్ని. అక్కడ గోడకు ఒక పాత తైలచిత్రం ఉండేది. దీపం పట్టుకున్న ముసలి తెల్లదొరసాని. ఒక వానాకాలం గోడ చెమ్మెక్కి ఆ బొమ్మ పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పారేయమన్నారు. నేను చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ ముసలమ్మే నాకు గురువు. నాలుగేళ్లపాటు ఆమెను గోటితో పొర తర్వాత పొర లేపుతూ కూర్చున్నాను. అన్నిటికంటే కింద మట్టిరంగు. దాని మీద వెలుగు పడేచోట మాత్రం తెల్లటి సఫేదా, మందంగా. ఆపైన రంగులు, నూనెలో పలచగా కలిపి, మల్లు గుడ్డ కప్పినట్టు ఒకదాని మీద ఒకటి. ఒక్క బుగ్గ మీద పదకొండు పొరలు లెక్కపెట్టాను. నా నెమళ్లు ఆ పద్ధతిలో వేశాక, పక్క ఊరివాళ్లు బండి చేయించుకోవడం మానేసి బండి చూడ్డానికే వచ్చేవారు. రామన్నకు ఆ సంగతి అంతగా నచ్చలేదు.

ఇక లింగమూర్తి. మా మక్తాకు, అంటే మా ఊళ్ల జాగీరుకు, దొర. పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన మోటారు సైకిలొకటి లష్కర్‌లో కొనుక్కొచ్చాడు. మేము దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లం. అది రాకముందు దొర రైతుల దగ్గర లెవీ ధాన్యం లాక్కోవడానికి గుర్రమెక్కి బయలుదేరేవాడు. గుర్రం గడీ గేటు దాటిందో లేదో, మా తమ్ముడు వీరేశం బండల మధ్య అడ్డదారిన బోరబండకు పరుగెత్తేవాడు. దొర గుర్రం చేరేసరికి జొన్నలన్నీ భూమిలో తవ్విన పాతర్లలోకి దిగిపోయేవి. దొర ఖాళీ గాదెలు చూసి మీసం కొరుక్కుంటూ తిరిగొచ్చేవాడు. ఫట్‌ఫటి వచ్చాక ఆ ఆట ముగిసింది. కబురు కంటే దొరే ముందు చేరేవాడు.

ఆ మాఘమాసంలో వీరేశం దారిలో దొరికిపోయాడు. దొర వాణ్ణి తాడుతో ఫట్‌ఫటి వెనక కట్టి బోరబండ నుంచి మా ఊరి పొలిమేర దాకా ఈడ్చాడు. మూడోనాటికి వాడు పోయాడు. వాడి పెళ్లాం భాగ్యమ్మకు పెళ్లయి మూడేళ్లు కూడా నిండలేదు. శవాన్ని కడిగింది నేనే. ఆ వీపు నేను చూశాను, అంతకంటే చెప్పను. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదంటే అబద్ధం. బాగానే తిన్నాను. బతికుంటేనే కదా పగ తీరేది.

మృగశిర దాటి వానలు పట్టాక ఒకరోజు ఫట్‌ఫటి మా ఇంటి ముందే ఆగింది. దొర దిగాడు. వెంట గుర్రమ్మీద జీతగాడొకడు. రామన్న ఉలి కింద పడేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే నీలమ్మా, బండ్లకు బొమ్మలేస్తవంట గద. నా ఫట్‌ఫటికి పులిని ఎయ్యాలె. దసరాకు ఆయుధ పూజల పెడ్త. సూసినోని గుండె జారాలె, గట్లుండాలె."

నా చేతికందే దూరంలో రామన్న బాడిసె ఉంది. ఆ మెడ మీద ఎక్కడ వేస్తే తెగుతుందో కూడా చూసుకున్నాను. కాని నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఎయ్యొచ్చు దొరా. టాంకీ మాత్రం విప్పి ఇయ్యాలె. బండి మీదనే ఉంటె దుమ్ము పడ్తది. పొర పొరకు నాలుగు దినాలు ఆరాలె."

"అప్పటిదాంక నేనెట్ల తిరగాలె?"

"గుర్రం ఉన్నది గద దొరా."

అనేశాక గాని నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. దొర నవ్వాడు. జీతగాడు మరలు విప్పి పెట్రోలు టాంకీ నా అరుగు మీద పెట్టాడు. టాంకీ లేని ఆ బండిని ఎద్దులు కట్టి గడీకి లాక్కుపోయారు. అలా ఎద్దుల వెనక పోతున్న ఫట్‌ఫటిని చూస్తుంటే, అయిదు నెలల్లో మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

వారం తిరక్కుండానే దొర గుర్రమెక్కి బోరబండకు పోయి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎవరు పరుగెత్తారో, కబురెలా చేరిందో నాకు తెలియదు. తెలిసిందొక్కటే, గాదెలు ఖాళీగా ఉన్నాయట. ఈ టాంకీ మళ్లీ ఆ బండెక్కకూడదని అప్పుడే అనుకున్నాను.

రంగులు నూరేవాళ్లకు అన్నిటికంటే ముందు తెలిసే సంగతొకటుంది. అవిసె నూనె ఆరుతుంది. నాలుగు రోజుల్లో గట్టిగా పొర కడుతుంది. ఆముదం ఆరదు. ఎన్నాళ్లుంచినా జిడ్డు జిడ్డుగానే ఉంటుంది. దొరకు ఈ సంగతి తెలియదు. అడిగి తెలుసుకునే రకమూ కాదు.

అందుకని నేను రెండు పనులు చేశాను. పులిని నిజంగా వేశాను, అవిసె నూనెతో, ముసలమ్మ పద్ధతిలో. దొర వచ్చే రోజున మాత్రం దాని మీద ఆముదంలో కలిపిన పలచటి రంగు పూసేదాన్ని. ఆయన వచ్చి వేలు పెట్టేవాడు. వేలికి రంగంటేది.

"ఇంక ఆరలేదా?"

"వానలు గద దొరా. జర ఓపిక పట్టున్రి. గీ కన్ను సూడున్రి, పోయినసారి గింత లోతుండెనా?"

ఆయన వంగి చూసేవాడు. అక్కడే నాకు చిక్కేవాడు. ఎందుకంటే ఆ లోతు అబద్ధం కాదు. మొదటిసారి "ఇదేంది, మట్టిల పొర్లిన కుక్క లెక్కున్నది" అన్నాడు. రెండోసారి తెల్లటి వెలుగులు పడ్డాక ఇంకాస్త దగ్గరికి జరిగాడు. మూడోసారి మంచం వేయించుకుని టాంకీ ఎదురుగా కూర్చున్నాడు. పులి మెడ తిప్పినట్టు తనూ మెడ తిప్పి, మీసం సవరించుకుని, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాడు. నేను పైట నోట్లో కుక్కుకున్నాను. ఆయన వెళ్లగానే కిరసనాయిలు గుడ్డతో ఆముదం పొర తుడిచేసేదాన్ని. కింద నా పులి పొడిగా, శుభ్రంగా ఉండేది.

ఊరు నా మీద దుమ్మెత్తిపోసింది. భాగ్యమ్మ నాతో మాట మానేసింది. బావి దగ్గర నేను చేద వేస్తే ఆమె బిందె తీసుకుని ఇంకో బావికి పోయేది. ఒకరోజు పది మంది ముందు ఎదురొచ్చి నా కాళ్ల దగ్గర ఉమ్మేసింది.

"తమ్ముని నెత్తురు ఆరకముందే వాని బండికి సోకులు చేస్తున్నవా వదినె? నీ చేతులు పుండ్లయి రాలిపోను!"

నిజం చెప్పేస్తే నా మనసు కుదుటపడేది. కాని ఆ పిల్ల కడుపులో ఏ మాటా దాగదు, ముఖమే చెప్పేస్తుంది. దొర మనుషులు ఊరి నిండా ఉన్నారు. తిట్లు తిని ఇంటికొచ్చాను. కోపమంతా రామన్న మీద తీర్చుకున్నాను. ఆయన పాపం మధ్యలో నలిగిపోయాడు.

"ఇగ సాలు నీలా. టాంకీ ఇచ్చెయ్. వాడు కనిపెట్టిండంటే మనల్ని బతకనియ్యడు," అనేవాడు రోజూ.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. నన్ను పట్టుకున్నది పగ ఒక్కటే కాదు. చెక్క రంగును తాగేస్తుంది. ఎంత వేసినా ఇంకా అడుగుతుంది. ఇనుప రేకు అలా కాదు, వేసిందంతా పైనే నిలుపుకుంటుంది. నా జన్మలో అంత నున్నటి జాగా నాకు దొరకలేదు. ఎడమ వైపు తలా ముందు పంజాలూ, కుడి వైపు వీపూ తోకా. ఎటు నుంచి చూసినా ఆ టాంకీ మీద పులి పడుకునే ఉన్నట్టుండేది. తోలేవాడి మోకాళ్లు ఆనేచోట ఉన్న రబ్బరు ముక్కలు కూడా బొమ్మకు అడ్డమని విప్పించేశాను. పంతొమ్మిది పొరలయ్యాయి. పొద్దున లేవగానే ముందు దాని ముఖం చూసేదాన్ని. ముసలమ్మను వేసినవాడెవడో వచ్చి చూస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. దసరాకు ముందే ఏదో ఒకటి జరిగి దొర పోవాలి, పులి నా దగ్గరే ఉండిపోవాలి. అదీ నా ఆశ. పగా కావాలి, పులీ కావాలి.

భాద్రపదంలో తలల మీద విమానాలు తిరిగాయి. దొరల వెనకున్న సర్కారును దించడానికి షోలాపూర్ వైపు నుంచి యూనియన్ సైన్యం పల్టన్లు వస్తున్నాయన్నారు. ఒకపూట ఉన్న మాట ఇంకోపూట ఉండేది కాదు. నాలుగైదు రోజులకు తెల్లాపూర్ మీదుగా వచ్చినవాళ్లు ఊరూరా దొరల గడీలు ఖాళీ అవుతున్నాయని చెప్పారు. జనం కర్రలు పట్టుకుని తిరుగుతున్నారట.

ఆ పొద్దున రామన్న చెరువు గట్టు నుంచి పరుగున వచ్చాడు.

"దొర వస్తుండు. ఫట్‌ఫటిని నూకిచ్చుకుంట వస్తుండు. సంకల తుపాకి ఉన్నది. పారిపోతందుకే."

అన్నం ఉడికేంత సేపుంది, అంతే. టాంకీ దాచేస్తే తుపాకి రామన్న మీదికి తిరుగుతుంది. ఉన్నదున్నట్టు ఇస్తే వాడు గాలిలా వెళ్లిపోతాడు. ఏదో ఊళ్లో పేరు మార్చుకుని, మళ్లీ మెత్తటి పరుపు మీద పడుకుంటాడు. వీరేశం వీపు నా కళ్ల ముందుకొచ్చింది.

మూలనున్న గిన్నె తీశాను. అందులో ఇంగిలీకం ఉంది, గాఢమైన ఎరుపు. దాన్ని ఆముదంలో కలిపి ముందే మెత్తగా నూరిపెట్టుకున్నాను. బండి తోలేవాడు టాంకీని రెండు మోకాళ్లతో నొక్కి పట్టుకుంటాడు. ఆ రెండు చోట్లా వేళ్లతో మందంగా పూయడం మొదలుపెట్టాను. రామన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఇచ్చెయ్ ఇచ్చెయ్ అని మూడు నెలలు నా ప్రాణం తీసినవాడు.

"పులి మీదనానే? గంత మంచి పులి మీదనా?"

"పులి మీదనే. చెయ్యి ఇడువు."

పంజాలు పోయాయి. ముఖం సగం పోయింది. కుడి వైపు వీపు మొత్తం పోయింది. ముందూ కిందా మాత్రం శుభ్రంగా వదిలాను, జీతగాడు పట్టుకుని బిగించాలి కదా.

దొర వచ్చాడు. తెల్లటి పలచటి ధోవతి, పైన కోటు. ముఖం కడుక్కోలేదు. బండికి పెట్రోలు డబ్బా వేలాడుతోంది.

"ఇదేందే ఎర్రగ చేసినవ్?"

"ఆఖరి పొర దొరా. దీని మీదికెల్లి చారలు తేలాలె. ఇంక పచ్చిగనే ఉన్నది."

"పచ్చిగుంటె ఉండనీ. ఏయ్, బిగించురా!"

జీతగాడు బిగించాడు. పెట్రోలు పోశాడు. దొర ఎక్కి కిక్కు కొట్టాడు. మూడు నెలల తర్వాత మళ్లీ ఆ చప్పుడు. జీతగాడు వెనకెక్కబోతే దొర వాణ్ణి కాలితో తోసేశాడు. మోకాళ్లు గట్టిగా నొక్కి బోరబండ వైపు పోయాడు. జీతగాడు కాసేపు దారి వైపు చూసి, తర్వాత తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని తన దారిన తను పోయాడు.

నేను భాగ్యమ్మ ఇంటికి పరుగెత్తాను. నన్ను చూసి తలుపు మూయబోయింది. కాలడ్డం పెట్టాను.

"తిట్టుడు తర్వాత తిట్టు. ముందుగాల ఇను. వాని ధోవతికి, మోకాళ్లకు ఇంగిలీకం అంటింది. ఆముదం కలిపిన. నీళ్లతోని పోదు, ఇసుక పెట్టి రుద్దినా పోదు. వాడు ఏ ఏషమన్న ఎయ్యనీ, మోకాళ్లు సూడమని చెప్పు. బోరబండల చెప్పు. దారి పొడుగూత చెప్పు."

ఆమె నా చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"గిందుకోసమా వదినె... గిన్ని దినాలు?"

"పో పిల్లా! ముచ్చట పెట్టే యాళనా ఇది?"

చెంగు నడుముకు చుట్టుకుని బండల మధ్య అడ్డదారిన ఆమె పరుగు తీసింది. ఎక్కడా తడబడలేదు.

తర్వాతి సంగతి నలుగురూ చెప్పగా విన్నది. బోరబండ దాటాక లింగంపల్లి దారిలో పల్టన్ లారీలు నిలబడి ఉన్నాయట. దొర బండి తిప్పుకుని వెనక్కొచ్చి, బోరబండ దగ్గర బండల చాటున ఫట్‌ఫటిని వదిలేశాడు. కోటూ ధోవతీ తుపాకీ పొదలో పడేశాడు. ఎక్కడో సంపాదించిన గొంగడి కప్పుకుని, గోచి బిగించి, గొర్లకాపరి వేషంలో దారిన పోయే జనంలో కలవబోయాడు. అప్పుడు చూసుకున్నాడు. పలచటి ధోవతిలోంచి రంగు దిగి తొడలూ మోకాళ్లూ ఎర్రగా ఉన్నాయి. తుడవబోతే అరచేతులకూ అంటుకుంది. కుంటలో దిగి కడిగాడు. మట్టితో రుద్దాడు, ఇసుకతో తోముకున్నాడు, తోలు లేచింది గాని ఎరుపు పోలేదు. పది అడుగుల దూరంలో పెట్రోలు డబ్బా బండికే వేలాడుతోంది. ఒక్క దోసెడు పోసుకుని తుడుచుకుంటే మచ్చ కూడా మిగిలేది కాదు. ఆ సంగతి వాడికి తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండిపోతుంది.

బోరబండ బావి దగ్గర కాపరొకడు చేతులు గొంగట్లో దాచుకుని నీళ్లడిగాడట. చేదతో నీళ్లు పోయడానికి భాగ్యమ్మే ముందుకొచ్చింది.

"దోసిలి పట్టు కాపరోడా. గొంగడి జర పైకి తియ్."

అంతే. కట్టేసి మధ్యాహ్నానికల్లా పల్టన్‌వాళ్లకు అప్పగించారు. కట్టేయడానికి ముందు ఎవరి చేతిలో ఏముందో, ఎవరెంత కసి తీర్చుకున్నారో నేనడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ప్రాణంతోనే అప్పగించారు. అదొక్కటే నాకు వెలితి.

కబురు తెలియగానే నేను కిరసనాయిలు సీసా, పాత గుడ్డలు కొంగులో కట్టుకుని బయలుదేరాను. ఎవరు ఏమనుకున్నా సరే, నా పులి నాకు కావాలి. ఆముదం కింద పంతొమ్మిది పొరలూ గట్టిగానే ఉంటాయి. తుడిస్తే తేలుతుంది. టాంకీ విప్పించుకుని ఇంటికి తెచ్చుకుంటే అది నాదే. దారంతా అదే ఆలోచన.

నేను వెళ్లేసరికి జనం ఫట్‌ఫటి చుట్టూ మూగారు. చక్రాలు వంగిపోయాయి. దీపం పగిలింది. టాంకీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు, చేతికి రంగంటుతుందని. అందర్నీ తోసుకుని వెళ్లి గుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టాను. ముందు చెవి వచ్చింది. తర్వాత నుదురు. తర్వాత కళ్లు రెండూ వచ్చాయి.

జనం ఒకడుగు వెనక్కి వేశారు. ఆ చప్పుడు నేను విన్నాను. నా బొమ్మకు అంతకంటే పెద్ద మెప్పు ఎప్పుడూ దొరకలేదు. బోరబండ ముసలి పోచయ్య ముందుకొచ్చి వంగి చూశాడు.

"గింత మంచి బొమ్మను పాడుచేసుడెందుకు? ఇంటికి తీస్కపో నీలమ్మా. ఎవ్వలు కాదనరు."

ఎవరూ కాదనలేదు నిజమే. అందరూ భాగ్యమ్మ వైపు చూశారు. ఆమె చేతిలో రోకలి ఉంది. పులిని చూస్తోంది. ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆమె దాన్ని చూడలేదు.

"నువ్వే ఏసినవా వదినె? బొమ్మ లెక్క లేదు, బతికున్నట్టే ఉన్నది," అంది నెమ్మదిగా. టాంకీ వైపు వేలు చూపించింది. "కని గీ టాంకీల పెట్రోలుతోనే గద ఆయన్ని ఈడ్చింది. ఇది నీ ఇంట్ల ఉంటె నీ గడప నేనెట్ల తొక్కాలె?"

రోకలి ఎత్తింది. ఎత్తి, కొట్టలేక ఆగింది. నా వైపు చూసింది. నేను వద్దంటే దించేసేదే. అంత కోపిష్టి పిల్ల, నా మాట కోసం ఆగింది.

అప్పుడు ఏడ్చాను. వీరేశం కోసం కాదు, వాడి ఏడుపు ఎప్పుడో ఏడ్చేశాను. పులి కోసం ఏడ్చాను. ఇంకోటి వేయలేనని నాకు తెలుసు. అంత నున్నటి రేకు నాకెవరిస్తారు, అన్నేసి పొరలు వేసే ఓపిక నాకెక్కడిది? సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ, అందరి ముందూ ఏడ్చాను. తర్వాత గుడ్డ పక్కన పడేసి లేచాను. భాగ్యమ్మ వెనక నిలబడి, ఆమె చేతుల మీద చెయ్యి వేసి రోకలిని కాస్త ఎడమకు జరిపాను.

"ఆ మూలకు కాదు పిల్లా, ఆడ రేకు మందం. కండ్ల నడుమ కొట్టు."

భాగ్యమ్మ కొట్టింది.